అణువుల గూళ్లకు నోబెల్ వచ్చింది.. చెరువు గట్టుకు, మామిడి గదికి ఏం ఒరిగింది?

2025 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని అక్టోబరు 8న ప్రకటించారు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన సుసుము కిటగావా, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ రాబ్సన్, అమెరికాలో బర్కిలీలో పనిచేస్తున్న ఒమర్ యాగీ.. ముగ్గురూ దాన్ని పంచుకున్నారు. లోహపు అయాన్లనూ కర్బన అణువులనూ కలిపి, లోపల ఖాళీ గదులుండే స్ఫటికాలు తయారు చేసినందుకు ఈ గౌరవం. వీటిని మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు, క్లుప్తంగా ఎంఓఎఫ్‌లు అంటారు. గాలిలోంచి నీళ్లు తీసే పదార్థం అన్న ఒక్క ముక్కే మనవాళ్లలో చాలామందికి గుర్తుండిపోయింది.

రైతు సోదరులకు ఈ వార్తతో పనేమిటి అనుకోవద్దు. ఈ కుటుంబానికి చెందిన సరుకును మీరు ఇప్పటికే బస్తాల లెక్కన కొంటున్నారు. రొయ్యల చెరువులో చల్లే జియోలైట్ అలాంటిదే. పాడి పశువుల దాణాలో కలిపే టాక్సిన్ బైండర్ దానికి దగ్గరి చుట్టం. చల్లని గదుల్లో నెలల తరబడి నిలవ ఉంచే యాపిల్ వెనుక ఉన్న మందు కూడా ఒక అణువు గూటిలో కూర్చునే వస్తుంది. ఇక మీదట దుకాణాల్లో సంచుల మీద నోబెల్ పేరు, నానో పేరు, పంజరం బొమ్మ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే అసలు ఈ గూళ్లు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ పనిచేయవో ఇప్పుడే తెలుసుకుంటే జేబుకు మంచిది.

గూడు తనకు కావలసినదాన్ని ఎలా ఎంచుకుంటుంది?

కొల్లేరు వైపు చేపలు పట్టే మావు చూసినవారికి ఈ సంగతి సగం తెలిసినట్టే. బద్దల మధ్య సందు కంటే చిన్నవి జారిపోతాయి, నోటికంటే పెద్దవి లోపలికి రాలేవు. అణువుల గూటికి కూడా మొదటి పరీక్ష సైజే. కానీ అక్కడితో ఆగదు. గూటి గోడలకు విద్యుదావేశం ఉంటుంది, కొన్నిచోట్ల నీటిని ఇష్టపడే గుణం, కొన్నిచోట్ల నూనెను ఇష్టపడే గుణం ఉంటాయి. వచ్చే అతిథి సైజు, ఆకారం, ఆవేశం మూడూ సరిపోతేనే నిలుస్తుంది.

ఈ శాస్త్రానికి ఇది మొదటి నోబెల్ కాదు. 1987లో చార్లెస్ పెడర్సన్, జీన్ మారీ లేన్, డొనాల్డ్ క్రామ్‌లకు ఇచ్చింది దీనికే. పెడర్సన్ ఒక రసాయన కంపెనీ ఉద్యోగి, డాక్టరేట్ కూడా లేదు. ఆయన 1967లో ప్రకటించిన కిరీటం ఆకారపు అణువుల్లో ఒకటి పొటాషియంను గట్టిగా పట్టుకుంటుంది. సోడియం దానికి చిన్నదైపోయి అంత గట్టిగా కుదరదు. పొటాష్ వేసే రైతుకు ఈ మాట వింత కాదు. కొన్ని రకాల బంకమట్టి పొరల మధ్య ఆరు కోణాల గుంటలుంటాయి. పొటాషియం అయాన్ వాటిలో అచ్చంగా సరిపోయి ఇరుక్కుపోతుంది. మనం వేసిన పొటాష్‌లో కొంత భాగం మొక్కకు వెంటనే అందకపోవడానికి ఇదొక కారణం. అమ్మోనియం అయాన్ కూడా ఇంచుమించు పొటాషియం అంతే ఉంటుంది కాబట్టి అదీ అక్కడే ఇరుక్కుంటుంది. ఈ పోలికను గుర్తుపెట్టుకోండి, చెరువు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

తరువాత వచ్చినవారు పూర్తిగా మూసుకునే గూళ్లు కట్టారు. అమెరికా శాస్త్రవేత్త జూలియస్ రెబెక్ రెండు అర్ధగోళాలను హైడ్రోజన్ బంధాలతో అంటించి చిన్న బంతిలాంటి గుళికను చేశారు. అతిథి ఎంత స్థలం తీసుకుంటే సుఖంగా ఉంటుందో ఆయన బృందం లెక్క వేసింది. లోపలి ఖాళీలో దాదాపు 55 శాతం నిండితే బాగా నిలుస్తుందట. మరీ ఇరుకైతే కదలలేక బయటికి వచ్చేస్తుంది, మరీ వదులైతే పట్టు ఉండదు.

నాకు అన్నింటికంటే నచ్చినది కేంబ్రిడ్జ్‌లో జోనాథన్ నిట్ష్కే బృందం 2009లో చూపించింది. తెల్ల భాస్వరం గాలి తగిలితే అంటుకుంటుంది. దాన్ని నాలుగు ముఖాల లోహపు పంజరంలో పెట్టారు. గాలిలో ఉంచినా నిప్పు రాలేదు. ప్రాణవాయువు లోపలికి వెళ్లలేక కాదు, వెళ్లగలదు. కానీ భాస్వరం దానితో కలిస్తే తయారయ్యే పదార్థం ఆ పంజరంలో పట్టదు. పట్టే చోటు లేక ఆ చర్యే జరగదు. బెంజీన్ తెచ్చి పోస్తే అది లోపలి చోటు ఆక్రమించి భాస్వరాన్ని బయటికి పంపింది. గూడు దాచగలదు, సరైన సమయంలో వదలగలదు అనడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇక రాబ్సన్ కథ. 1974లో ఆయన విద్యార్థులకు అణువుల నమూనాలు చూపించడానికి చెక్క బంతులు సిద్ధం చేయించారు. పుల్లలు గుచ్చడానికి ఏ బంతికి ఎక్కడ రంధ్రాలు వేయాలో వర్క్‌షాపువాళ్లకు గుర్తులు పెట్టి ఇచ్చారు. బంతులు వచ్చాక కలిపి చూస్తే, రంధ్రాల స్థానమే అణువు ఆకారాన్ని నిర్ణయిస్తోంది. అయితే బంతులకు బదులు లోహపు అయాన్లు, పుల్లలకు బదులు కర్బన అణువులు పెడితే మనకు కావలసిన గదులు మనమే కట్టుకోవచ్చు కదా అనుకున్నారు. పదేళ్లకు పైగా ఆ ఆలోచన అలాగే ఉంది. 1989లో రాగి అయాన్లతో వజ్రం లాంటి అల్లిక, లోపల విశాలమైన ఖాళీతో ప్రకటించారు. అది మెతకగా ఉండేది, సులువుగా కూలిపోయేది. గూళ్లలోంచి వాయువులు వచ్చి పోయినా నిలబడే అల్లికను 1997లో కిటగావా చూపారు. 1999లో యాగీ తయారు చేసిన ఎంఓఎఫ్-5 లోపలి ద్రవాన్ని ఖాళీ చేసినా కూలలేదు, 300 డిగ్రీల వేడికీ తట్టుకుంది. దాని లోపలి గోడలన్నీ పరిచి కొలిస్తే రెండు గ్రాముల పొడికి ఒక ఫుట్‌బాల్ మైదానం, అంటే మన లెక్కలో ఎకరంన్నరకు పైగా వస్తుంది. పట్టుకునే చోటు ఎంత ఎక్కువుంటే సరుకు అంత ఎక్కువ పడుతుంది, కిటుకు అదే.

చెరువులో జియోలైట్: లెక్క వేసి చూడండి

జియోలైట్ కొత్త వస్తువు కాదు. 1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ ఒక రాయిని వేడి చేస్తే ఆవిరి పొంగడం చూసి, ఉడికే రాయి అన్న అర్థంలో ఆ పేరు పెట్టాడు. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి కట్టిన గూళ్లు ఇవి. వీటిలో క్లినాప్టిలోలైట్ అనే రకానికి అమ్మోనియం అంటే ఇష్టం. అందుకే చేపలు, రొయ్యల చెరువుల్లో అమ్మోనియా తగ్గించడానికి దాన్ని అమ్ముతున్నారు. భీమవరం నుంచి నెల్లూరు దాకా చెరువు గట్టు మీద ఈ బస్తా లేని షెడ్డు అరుదు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. ఎకరం చెరువు, నీటి లోతు ఐదు అడుగులు. అందులో సుమారు 60 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. అమ్మోనియా నత్రజని లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరిగిందంటే చెరువు మొత్తం మీద 6 కిలోల నత్రజని చేరినట్టు. మేలు రకం క్లినాప్టిలోలైట్, స్వేదనజలంలో, దాని గూళ్లన్నీ అమ్మోనియంకే కేటాయిస్తే కిలోకు 25 గ్రాముల నత్రజని అటూఇటూగా పట్టుకోగలదు. ఇది కాగితం మీది గరిష్ఠం. చెరువులో ఇందులో కొంత భాగమే దక్కుతుంది. అయినా ఉదారంగా 25 గ్రాములే వేసుకుందాం. ఎకరానికి 20 కిలోలు చల్లితే పట్టేది అర కిలో. తగ్గేది లీటరుకు 0.08 మిల్లీగ్రాములు. మీ దగ్గరున్న టెస్ట్ కిట్ రంగుల్లో అంత తేడా కంటికి కూడా కనిపించదు.

మరో వైపు నుంచి చూడండి. రోజుకు 100 కిలోల మేత వేస్తున్నారనుకోండి. అందులో 35 శాతం ప్రొటీన్ ఉంటే నత్రజని 5.6 కిలోలు. రొయ్య ఒంటికి పట్టేది అందులో మూడో వంతు లోపే. మిగిలిందంతా నీటిలోకి, అడుగు బురదలోకి చేరుతుంది. అంటే దగ్గర దగ్గరగా నాలుగు కిలోల నత్రజని ప్రతి రోజూ. మీరు పది రోజులకోసారి చల్లే జియోలైట్ పట్టగలిగేది అర కిలో. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసుకుని ఆలోచించండి.

ఉప్పునీటి రొయ్య రైతులకు ఇంకొక మాట. జియోలైట్ గూడు అమ్మోనియంను ఇష్టపడుతుంది నిజమే, కానీ పొటాషియంను ఇంకాస్త ఎక్కువ ఇష్టపడుతుంది, సోడియంనూ కాదనదు. ఉప్పునీటిలో ఒక్క అమ్మోనియం అయాన్ చుట్టూ వేల సోడియం అయాన్లు తిరుగుతుంటాయి. తిరునాళ్లలో ఒక మనిషి కోసం తలుపు తీసి పెడితే ఎవరు లోపలికి వస్తారు? చేపల తొట్టెల్లో వాడి నిండిపోయిన జియోలైట్‌ను మళ్లీ పనికి వచ్చేలా చేయడానికి దాన్ని చిక్కటి ఉప్పునీటిలోనే నానబెడతారు. ఉప్పు వెళ్లి అమ్మోనియంను బయటికి తోసేస్తుంది. మరి అదే ఉప్పునీటి చెరువులో అమ్మోనియం పట్టమని దాన్ని చల్లుతున్నాం. మంచినీటితో పోలిస్తే సముద్రపు ఉప్పదనం ఉన్న నీటిలో దాని పట్టు చాలా కొద్దిగానే మిగులుతుంది.

అంటే జియోలైట్ మోసమా? కాదు. చోటు తప్పు. చేప పిల్లలను ప్లాస్టిక్ సంచుల్లో నింపి దూరం పంపేటప్పుడు, మంచినీటి హేచరీ తొట్లలో, నీరు తిరిగి తిరిగి వచ్చే ఫిల్టర్లలో ఇది బాగా పనిచేస్తుంది. నీరు తక్కువ, జియోలైట్ ఎక్కువ, ఉప్పు లేదు. పదార్థం తన గుణానికి తగ్గ చోట ఉంది.

బస్తాలో ఉన్నది అసలు జియోలైటో, రంగు కలిసిన రాతిపొడో తేల్చుకోవాలంటే ఇంటి దగ్గరే ఒక పరీక్ష ఉంది. రెండు గాజు సీసాల్లో ఒక్కో లీటరు మీ చెరువు నీరు పోయండి. ఒకదానిలో ఒక గ్రాము పొడి వేయండి. ఇది చెరువులో ఎకరానికి 20 కిలోలు చల్లినదానికి దాదాపు 300 రెట్లు ఎక్కువ మోతాదు. రెండింటినీ ఒక గంట సేపు అప్పుడప్పుడు కలుపుతూ ఉంచి, మడ్డి పూర్తిగా తేరాక, పైనీటిని అమ్మోనియా కిట్‌తో పరీక్షించండి. 300 రెట్లు వేసినా రెండు సీసాల రంగు ఒక్కటే అయితే ఆ బస్తాను మీ చెరువులో చల్లడం గట్టు మీద పోయడంతో సమానం.

అమ్మోనియా పెరిగినప్పుడు నిజంగా పనికొచ్చేవి పాతవే. మేత తగ్గించండి, ఏరేటర్లు నడపండి, వీలైతే కొంత నీరు మార్చండి, మధ్యలో చేరిన బురద తీయించండి. మధ్యాహ్నం పిహెచ్ ఎంతకు పోతుందో చూడండి. ఎందుకంటే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం పిహెచ్‌తో పెరుగుతుంది. 28 నుంచి 30 డిగ్రీల మంచినీటిలో పిహెచ్ 8 దగ్గర అది నూటికి ఏడు వరకు ఉంటే, 9 దగ్గర నలభై దాటుతుంది. లీటరుకు 0.08 తగ్గించుకోవడం కంటే పిహెచ్‌ను తొమ్మిదికి పోనివ్వకపోవడం ఎన్నో రెట్లు మేలు.

మామిడి, అరటి: గూటిలో వచ్చే మందు

ఈ గూళ్ల శాస్త్రం రైతుకు నిక్కచ్చిగా ఉపయోగపడిన చోటు పండ్ల నిల్వ. కాయ పండాలంటే ఇథిలీన్ అనే వాయువు కావాలి. కాయ తనంతట తనే దాన్ని తయారు చేసుకుంటుంది. కణాల్లో ఇథిలీన్ కోసం గ్రాహకాలుంటాయి, తాళాల వంటివి. 1-ఎంసీపీ అనే మరో చిన్న అణువు ఆ తాళాల్లో దూరి ఇరుక్కుంటుంది, కానీ తాళం తిరగదు. ఇథిలీన్ వచ్చినా చోటు దొరకదు, పండడం వాయిదా పడుతుంది. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ దీన్ని కనుగొన్నారు. అమెరికాలో 1999లో పూలకు, 2002లో పండ్లకు అనుమతి వచ్చింది.

చిక్కు ఒక్కటే. 1-ఎంసీపీ వాయువు, దాన్ని ఒట్టిగా నిలవ చేయడం కష్టం, నిలకడ లేని పదార్థం. దీనికి విరుగుడు పిండిపదార్థంలో దొరికింది. పిండిని ఒక ఎంజైమ్‌తో కోస్తే ఆరు గ్లూకోజ్‌లు గుండ్రంగా కట్టిన గాజు లాంటి అణువు వస్తుంది. పేరు ఆల్ఫా సైక్లోడెక్స్ట్రిన్. ఏడు గ్లూకోజ్‌లు ఉంటే బీటా, ఎనిమిది ఉంటే గామా. ఆల్ఫా లోపలి ఖాళీ మీటరులో వంద కోట్ల వంతుకు సగం. 1-ఎంసీపీ అందులో సరిగ్గా కూర్చుంటుంది. పొడిగా ఉన్నంతకాలం బయటికి రాదు. నీరు తగిలితే వాయువు బయటపడుతుంది. పండ్ల కోసం అమ్మే పొడిలో అసలు మందు 3.3 శాతమే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం గూడే. ఇక్కడ గూడు ఖరీదు కాదు, అది లేకపోతే మందే లేదు.

ఇక్కడి నుంచి మీకు పనికొచ్చే విషయాలు కొన్ని పుడతాయి. మొదటిది, ఆ ప్యాకెట్‌కు తడి శత్రువు. గోదాములో చెమ్మ తగిలిన ప్యాకెట్ కొన్నారంటే ఖాళీ గూళ్లు కొన్నట్టే. రెండోది, మందు వాయువు కాబట్టి గది గాలి బయటికి పోకుండా మూసి ఉండాలి. సందులున్న షెడ్డులో పెడితే పక్క తోటకు మేలు జరుగుతుంది. మూడోది, అన్నింటికన్నా ముఖ్యమైనది, సమయం. అప్పటికే పండడం మొదలైన కాయ మీద దీని ప్రభావం తక్కువ. మరీ లేతగా, పచ్చిగా ఉన్న అరటి గెల మీద వాడితే తరువాత ఇథిలీన్ పెట్టినా సరిగా, ఒక్కతీరుగా పండదు. పసుపు, పచ్చ మచ్చలుగా మిగిలిపోతుంది. యాపిల్‌లో చక్కగా కుదిరింది కదా అని అరటికి, మామిడికి అదే మోతాదు పెట్టకూడదు.

ఏ పంటకు, ఎంత మోతాదుకు అనుమతి ఉందో లేబుల్ మీద చదవండి. మన దేశపు రిజిస్ట్రేషన్ నంబరు లేని ప్యాకెట్‌ను, ఎవరు ఎంత గట్టిగా చెప్పినా, కొనవద్దు. నూజివీడులోనో ఉలవపాడులోనో కోసి హైదరాబాద్ పంపే కాయకు ఈ ఖర్చు అవసరం ఉండదు. ఓడలో వారాల తరబడి వెళ్లే సరుకుకైతే లెక్క వేరు.

దూరప్రయాణపు అరటి పెట్టెల్లో పెట్టే ఊదారంగు గుళికల సంగతీ ఇక్కడే చెప్పాలి. జియోలైట్ లేదా అల్యూమినా గుళికలకు పొటాషియం పర్మాంగనేట్ పట్టించి తయారు చేస్తారు. అవి ఇథిలీన్‌ను పట్టి నాశనం చేస్తాయి. రంగు ఊదా నుంచి గోధుమ రంగుకు మారిందంటే వాటి పని అయిపోయింది. గోధుమ రంగు గుళికలను ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి.

పండించడానికి మాత్రం మన చట్టం స్పష్టం. కాల్షియం కార్బైడ్‌తో పండించిన పండ్లు అమ్మడం 2011 ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. దానిలో ఆర్సెనిక్, భాస్వరపు విష వాయువుల జాడలుంటాయి. బదులుగా ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడుకునేందుకు 2016లో అనుమతి వచ్చింది. ఇథిలీన్ సాచెట్లు వాడితే కాయకు నేరుగా తగలకుండా, రంధ్రాలున్న చిన్న డబ్బాలో పెట్టాలి.

నోబెల్ వచ్చిన ఎంఓఎఫ్‌లు ఇక్కడే ముందుగా అంగట్లోకి వచ్చాయని చాలామందికి తెలియదు. ఉత్తర ఐర్లాండ్‌లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయం నుంచి పుట్టిన ఒక కంపెనీ 2016లో, 1-ఎంసీపీని సైక్లోడెక్స్ట్రిన్‌కు బదులు ఎంఓఎఫ్ గూటిలో నింపి పండ్ల నిల్వకు తెచ్చింది. ఎంఓఎఫ్‌తో చేసిన తొలి వాణిజ్య సరుకుల్లో అది ఒకటి. ఉపగ్రహానికో, కారుకో కాదు, పండ్ల గదికి.

దాణాలో బైండర్: దేన్ని పడుతుంది, దేన్ని పట్టదు

రాయలసీమలో వేరుశనగ చెక్క తినిపించే పాడి రైతులకు ఈ భాగం. వేరుశనగలో బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ బి1 పశువు తింటే, పాలలో ఎం1 రూపంలో బయటికి వస్తుంది. పాలు కాచినా పోదు. మన దేశంలో పాలకు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. కొన్ని రకాల బంకమట్టి పొరల మధ్య ఈ అఫ్లాటాక్సిన్ చక్కగా సరిపోతుంది. అణువు బల్లపరుపుగా ఉంటుంది, పొరల మధ్యనున్న కాల్షియం అయాన్లు దానిని పట్టి ఉంచుతాయి. పశువు పేగుల్లోంచి రక్తంలోకి పోకుండా పేడతో బయటికి వచ్చేస్తుంది. ప్రయోగాల్లో దాణాలో అర శాతం నుంచి ఒక శాతం వరకు కలిపి ఫలితం చూశారు.

కానీ గూడు అఫ్లాటాక్సిన్‌కు కుదిరింది కాబట్టి అన్ని బూజు విషాలకూ కుదురుతుందనుకోవద్దు. మొక్కజొన్నలో వచ్చే జియరలినోన్, వామిటాక్సిన్ వంటివి వేరే ఆకారం, వాటిని ఒట్టి మట్టి బైండర్ అంతగా పట్టదు. సంచి మీద అన్ని టాక్సిన్లకు అని రాసి, లోపల మట్టి తప్ప మరేదీ లేకపోతే ఆ మాట నమ్మక్కర్లేదు. అతిగా కలిపితే పశువుకు ఇచ్చే కొన్ని మందులను కూడా ఇది పట్టేస్తుంది, కాబట్టి వైద్యం జరుగుతున్నప్పుడు పశువైద్యుడికి చెప్పండి. దీనికంటే చవకైనది కాయలను 9 శాతం తేమ లోపుకు ఎండబెట్టి, నాసి కాయలను, పురుగు కొట్టిన కాయలను ఏరివేసి నిలవ చేయడం. బూజు పట్టిన చెక్క సగం ధరకు వచ్చిందని తెచ్చి, దానికి బైండర్ కొని కలిపేవారిని చూస్తుంటాను. లెక్క వేస్తే మిగిలేది ఏమీ లేదు, పాలు వెనక్కి వస్తే ఉన్నదీ పోతుంది.

గాలిలోంచి నీళ్లు, బావిలో ఫ్లోరైడ్

ఇక అందరూ అడిగే ప్రశ్న. ఎడారి గాలిలోంచి నీరు తీసే ఎంఓఎఫ్ నిజమేనా? నిజమే. రాత్రి గాలిలోని తేమను గూళ్లలో పట్టి, పగలు వేడికి వదిలేలా యాగీ బృందం అమెరికా ఎడారిలో పరీక్షించి చూపింది. కిలో పొడికి రోజుకు లీటరు లోపే నీరు వచ్చింది. తాగే నీటికి అది చిన్న సంగతి కాదు. పొలానికైతే లెక్క చూడండి. వేసవిలో పంటకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావాలంటే ఎకరానికి 20 వేల లీటర్లు. అంటే కనీసం 20 టన్నుల ఎంఓఎఫ్. బోరు ఎండిన రైతుకు ఈ నోబెల్ వల్ల ఇప్పట్లో ఊరట లేదు. డ్రిప్, మల్చింగ్, నీటి కుంట.. ఇవే దిక్కు.

ఫ్లోరైడ్ విషయంలో మాత్రం నాకు కొంత ఆశ ఉంది. నల్లగొండ పేరుతోనే ప్రపంచానికి తెలిసిన పద్ధతి ఒకటుంది, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించడం. దాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. బావి నీటిలో ఫ్లోరైడ్ కంటే బైకార్బొనేట్, క్లోరైడ్ వందల రెట్లు ఎక్కువగా ఉంటాయి. ఆ గుంపులోంచి ఒక్క ఫ్లోరైడ్‌నే ఎంచి పట్టే గూడు కావాలి. ఎంపిక గుణం ఎందుకు అంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది. అల్యూమినియం, జిర్కోనియం ఎంఓఎఫ్‌ల మీద ప్రయోగశాలల్లో పని నడుస్తోంది. బిందెలో వేసుకునే రూపంలో, చవకగా, గూళ్లు కరిగి లోహం నీటిలోకి రాకుండా వచ్చేదాకా వేచి చూడాల్సిందే.

ధర అడ్డంకి కూడా నెమ్మదిగా కరుగుతోంది. 2023లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ సిమెంటు వంటి పరిశ్రమల పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టడానికి ఒక ఎంఓఎఫ్‌ను ఏడాదికి వందల టన్నుల స్థాయిలో తయారు చేస్తున్నట్టు ప్రకటించింది. అంత సరుకు ముందు ఫ్యాక్టరీ గొట్టాలకు వెళుతుంది. ఎరువులోకి, మందులోకి రావడానికి వేరే పరీక్షలు, వేరే అనుమతులు కావాలి. నానో యూరియా సీసా ఈ కోవలోనిదేనా అని కొందరు అడుగుతున్నారు. కాదు, అది గూడులో బంధించి మెల్లగా వదిలే పదార్థం కాదు. పేరులో నానో ఉన్నంత మాత్రాన రెండింటినీ ఒక గాటన కట్టవద్దు.

కాబట్టి రేపు ఎవరైనా గూడు, పంజరం, క్యాప్సూల్ అని చెప్పి సరుకు చేతిలో పెడితే, అది దేన్ని పట్టుకుంటుందో పేరుతో సహా అడగండి. అన్నింటినీ పడుతుందంటే దేన్నీ సరిగా పట్టదని అర్థం. కిలోకు ఎన్ని గ్రాములు పడుతుందో, మీ నీటిలో, అంటే మీ ఉప్పు, మీ పిహెచ్‌లో పరీక్షించిన కాగితం ఉందో లేదో అడగండి. పట్టినదాన్ని ఎప్పుడు, దేనివల్ల వదులుతుందో అడగండి. జవాబు వచ్చాక పైన చెప్పినట్టు మీ చెరువు లీటర్లతో, మీ మేత కిలోలతో గుణించి చూసుకోండి. కొనాలనిపిస్తే ఒక బస్తానే కొని, బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకుని, రెండు సీసాల పరీక్ష చేశాక మిగతా ఆర్డరు ఇవ్వండి. ఈ పరీక్షకు కావలసిన అమ్మోనియా కిట్ లేకపోతే మీ దగ్గరలోని మత్స్యశాఖ ల్యాబ్‌కు నీటి నమూనా తీసుకెళ్లండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను చెరువు నీటితోనే రెండుసార్లు కడిగి, మూతి దాకా నింపి, ఎండ తగలకుండా, తీసిన రోజునే ఇవ్వాలి.